పొమ్మనలేక పొగ: రాజీనామా ఎవరి ఇష్టం?

రాజీనామా లేఖల్లో తరచుగా కనిపించే కారణం ఒక్కటే: ‘వ్యక్తిగత కారణాలు’. ఆ రెండు మాటల వెనుక మెరుగైన ఉద్యోగం ఉండవచ్చు, కుటుంబ అవసరం ఉండవచ్చు. నెలల తరబడి సాగిన అవమానం, అకారణ బదిలీ, నిలిపివేసిన జీతం, గదిలో కూర్చోబెట్టి సంతకం చేయించుకున్న అరగంట కూడా ఉండవచ్చు. లేఖ చదివినవారికి ఏది నిజమో తెలియదు. యాజమాన్యానికి కావలసింది కూడా అదే. ఉద్యోగిని తొలగించాలంటే చట్టం అడ్డు వస్తుంది. ఉద్యోగి తనంతట తాను వెళ్లిపోతే ఏ అడ్డూ లేదు. పొమ్మనలేక పొగబెట్టడమన్న నానుడి నేటి కార్యాలయాలకూ, కర్మాగారాలకూ అక్షరాలా వర్తిస్తున్నది.

అన్యాయానికి గురైన ఉద్యోగి ముందు ఉన్నవి మూడు మార్గాలు: సహించి కొనసాగడం, ఉంటూనే పోరాడటం, వదిలి వెళ్లిపోవడం. ఏ మార్గానికి ఎంత మూల్యం చెల్లించాలో తెలియకుండానే చాలామంది మూడవ దానిని ఎంచుకుంటున్నారు. చట్టం ఏమి ఇస్తున్నదో, సంతకం చేసిన క్షణాన ఏమి కోల్పోతారో తెలుసుకుని తీసుకునే నిర్ణయం వేరు. ఉక్రోషంలోనో భయంలోనో తీసుకునే నిర్ణయం వేరు.

తొలగింపు ఖరీదు, రాజీనామా చవక

యాజమాన్యాలు రాజీనామానే ఎందుకు కోరుకుంటాయన్న ప్రశ్నకు సమాధానం చట్టంలోనే ఉన్నది. దశాబ్దాల పాటు దేశంలో కార్మిక సంబంధాలను నిర్దేశించిన 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని సిబ్బంది తగ్గింపు పేరిట తీసివేయాలంటే ఒక నెల నోటీసుగానీ, ఆ నెల వేతనంగానీ ఇవ్వాలి. దానికి తోడు పూర్తయిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారంగా చెల్లించాలి. చివర చేరిన వారిని ముందు తీసివేయాలన్న నియమమూ ఉన్నది. 1976లో చేసిన సవరణతో 300 మంది లేదా అంతకు మించి పనిచేసే పెద్ద కర్మాగారాల్లో తగ్గింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అయింది. 1982 సవరణ ఆ సంఖ్యను 100కు దించింది. 2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దానిని తిరిగి 300కు పెంచింది.

క్రమశిక్షణ పేరిట తొలగించడం ఇంకా క్లిష్టమైన వ్యవహారం. అభియోగ పత్రం ఇవ్వాలి, వివరణ అడగాలి, విచారణ జరపాలి, సాక్షులను ప్రశ్నించే అవకాశం కల్పించాలి. ఇందులో ఏ ఒక్కటి లోపించినా కార్మిక న్యాయస్థానం ఉత్తర్వును కొట్టివేసే ప్రమాదం ఉన్నది. ఇంత ప్రయాసకు బదులు ఒక కాగితంపై ఉద్యోగి చేసే సంతకం యాజమాన్యానికి అన్ని బాధ్యతల నుంచీ విముక్తి కలిగిస్తుంది. నోటీసు అక్కరలేదు, పరిహారం అక్కరలేదు, విచారణ అక్కరలేదు. పైపెచ్చు నోటీసు గడువు పూర్తి చేయలేదంటూ ఉద్యోగి నుంచే సొమ్ము వసూలు చేయవచ్చు.

పొగ పెట్టే పద్ధతులు

ఈ సంతకం కోసం అనుసరించే పద్ధతుల్లో వైవిధ్యం తక్కువే. మొదటిది బదిలీ. పదిహేనేళ్లు ఒకే ఊరిలో పనిచేసిన వ్యక్తిని, పిల్లల చదువులు మధ్యలో ఉండగా, వెయ్యి కిలోమీటర్ల దూరానికి వారం గడువులో వెళ్లమంటారు. రెండవది పని లాగివేయడం. కుర్చీ ఉంటుంది, జీతం ఉంటుంది, చేయడానికి పని ఉండదు. సమావేశాలకు పిలుపు ఉండదు. మూడవది దీనికి విరుద్ధం: ఎవరూ పూర్తి చేయలేని లక్ష్యాలు విధించి, పనితీరు బాగాలేదని ప్రతి నెలా లేఖలు ఇవ్వడం. నాల్గవది జీతం ఆపడం, లేదా ముక్కలు ముక్కలుగా ఇవ్వడం. అన్నిటికంటే నేర్పుగా సాగేది చివరిది. ‘తొలగిస్తే మీ పేరు చెడుతుంది, మరెక్కడా ఉద్యోగం రాదు, రాజీనామా చేస్తే మంచి ధ్రువపత్రం ఇస్తాం’ అన్న హితబోధ అది.

వీటిలో కొన్నింటిని చట్టం ఏనాడో గుర్తించింది. 1982 సవరణ ద్వారా పారిశ్రామిక వివాదాల చట్టానికి చేర్చిన ఐదవ షెడ్యూలు అన్యాయమైన కార్మిక విధానాల జాబితాను ఇచ్చింది. యాజమాన్య విధానం ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం, కక్షసాధింపుగా తొలగించడం, తప్పుడు క్రిమినల్ కేసులో ఇరికించి పంపివేయడం, శాశ్వత ఉద్యోగుల హక్కులు దక్కకుండా చేయడం కోసం ఏళ్ల తరబడి తాత్కాలికులుగానే కొనసాగించడం ఆ జాబితాలో ఉన్నాయి. ఉల్లంఘనకు ఆ చట్టం విధించిన శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయల జరిమానాకు బెదిరే యాజమాన్యం ఉండదన్నది వేరే చెప్పనక్కరలేదు. కొత్త కోడ్ కూడా దాదాపు అదే జాబితాను నిలుపుకొని జరిమానాను పెంచింది.

బంగారు కరచాలనం నుంచి బలవంతపు సంతకం దాకా

స్వచ్ఛందం అన్న మాటకు మన దేశంలో విచిత్రమైన చరిత్ర ఉన్నది. ప్రభుత్వరంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాన్ని కేంద్రం 1988లో ప్రవేశపెట్టింది. 1991లో ఆర్థిక సరళీకరణ ఆరంభమైన తరువాత, 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి ఏర్పడింది. ఉద్యోగాలు కోల్పోయేవారికి కొత్త నైపుణ్యాలు నేర్పి మరో ఉపాధి చూపడం ఆ నిధి ఆశయాల్లో ఒకటి. ఆచరణలో అది ప్రధానంగా ఉద్యోగులను ఇంటికి పంపే పథకాలకే ఉపకరించిందన్న విమర్శను ఎదుర్కొన్నది. ‘బంగారు కరచాలనం’ అన్న మాట పత్రికల్లో నానుతూ వచ్చింది గానీ, ఆ చేతిలో పడిన సొమ్ము బంగారమా, ఇత్తడా అన్నది తీసుకున్నవారి వయసునూ, అప్పులనూ బట్టి తేలింది.

2000-01లో ప్రభుత్వరంగ బ్యాంకుల్లో అమలైన పథకం కింద సుమారు లక్ష మంది ఉద్యోగాలు వదిలారు. పదిహేనేళ్ల సర్వీసు పూర్తయినవారు, లేదా 40 ఏళ్లు నిండినవారు అర్హులు. దరఖాస్తు చేసిన తరువాత మనసు మార్చుకున్న వారెందరో కోర్టుకెక్కారు. ఒకసారి దరఖాస్తు పెడితే వెనక్కి తీసుకోరాదన్న షరతు పథకంలోనే ఉన్నప్పటికీ, జాతీయ బ్యాంకుల ఉద్యోగులు యాజమాన్యం ఆమోదించడానికి ముందే ఉపసంహరించుకోవచ్చునని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే పథకం కింద వచ్చిన సొమ్మును అందుకుని అనుభవించినవారికి ఆ అవకాశం లేదన్నది. సొమ్ము చేతికి వచ్చిన తరువాత ఆలోచించి ప్రయోజనం లేదన్న పాఠం ఈ తీర్పులో ఉన్నది.

2019లో భారత్ సంచార్ నిగమ్ లిమిటెడ్ ప్రకటించిన పథకానికి 78 వేల మందికి పైగా ఉద్యోగులు మొగ్గు చూపారు. జీతాలు సకాలంలో అందక ఉద్యోగులు ఆందోళన చెందిన ఏడాది అది. అటువంటి వాతావరణంలో తీసుకున్న నిర్ణయాల్లో ఇష్టం పాలు ఎంత, గత్యంతరం లేకపోవడం పాలు ఎంత అన్నది ఎవరూ కొలిచి చెప్పలేరు.

ప్రైవేటు రంగంలో ఈ పాటి పరిహారం కూడా కానరాదు. 2017లో దేశవ్యాప్తంగా ఐటి రంగంలో ఉద్యోగాల కోత వార్తలు వచ్చినప్పుడు, హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో ఉద్యోగులు కార్మిక శాఖ తలుపు తట్టారు. తమను తొలగించలేదనీ, రాజీనామా చేయమని బలవంతపెట్టారనీ వారి ప్రధాన ఫిర్యాదు. ఒక పెద్ద సంస్థలో మానవ వనరుల విభాగం ప్రతినిధి ఒక ఉద్యోగికి ఫోన్ చేసి, మరునాటి ఉదయం పది గంటల లోపు రాజీనామా పంపకపోతే తొలగిస్తామని హెచ్చరించిన సంభాషణ ఆ ఏడాది జూలైలో బయటికి వచ్చింది. ఆ వ్యాపార కుటుంబ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. సంభాషణ రికార్డు కాకపోయి ఉంటే ఆ లేఖలోనూ ‘వ్యక్తిగత కారణాలు’ అనే ఉండేది.

న్యాయస్థానాల మాట

ఇష్టం లేని రాజీనామా రాజీనామా కాదన్నది న్యాయశాస్త్రంలో స్థిరపడిన సూత్రం. బెదిరింపుతోగానీ, మోసంతోగానీ పొందిన సమ్మతి చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతున్నది. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. బలవంతం జరిగిందని ఆరోపించిన వ్యక్తే దానిని నిరూపించాలి.

సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఈ సందర్భంలో స్మరణీయం. మూడు నెలల నోటీసుతో శాశ్వత ఉద్యోగిని కారణం చెప్పకుండా తొలగించే అధికారాన్ని కట్టబెట్టిన ఒక ప్రభుత్వ రవాణా సంస్థ నిబంధనను 1986లో బ్రజనాథ్ గంగూలీ కేసులో కోర్టు కొట్టివేసింది. బేరమాడే శక్తి సమానంగా లేని ఇద్దరి మధ్య, బలవంతుడు రాసిన షరతుకు బలహీనుడు చేసిన సంతకాన్ని న్యాయం గుడ్డిగా అంగీకరించదని ఆ తీర్పు సారాంశం. 1990లో ఢిల్లీ రవాణా సంస్థ కేసులో రాజ్యాంగ ధర్మాసనం అదే బాటలో నడిచింది. 1993లో డి.కె. యాదవ్ కేసులో, ఎనిమిది రోజులకు మించి హాజరు కాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందన్న స్టాండింగ్ ఆర్డరును అడ్డుపెట్టుకుని విచారణ లేకుండా కార్మికుడిని తీసివేయడం సహజ న్యాయానికి విరుద్ధమన్నది. తనను గేటు వద్దే ఆపివేశారన్నది ఆ కార్మికుడి వాదన.

తెలుగువారికి ఈ తర్కం 2019లో ప్రత్యక్షంగా అనుభవంలోకి వచ్చింది. అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీలో సుమారు 48 వేల మంది సమ్మెకు దిగినప్పుడు, గడువులోగా విధులకు రానివారు తమను తామే తొలగించుకున్నట్లేనని నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రకటించారు. యాభై రోజులు దాటిన సమ్మె అనంతరం నవంబర్ చివరలో వారందరినీ తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. ‘స్వీయ తొలగింపు’ అన్న మాట రాజకీయ ప్రకటనగా నిలిచిందే తప్ప అమలు కాలేదు.

ఆవేశంలో రాసిన లేఖ విషయంలోనూ కోర్టులు సానుభూతితో వ్యవహరించిన సందర్భాలున్నాయి. సస్పెన్షన్‌కు గురైన ఒక వైద్యురాలు, తన అభ్యర్థన మన్నించకపోతే రాజీనామా తప్ప మార్గం లేదని ఆవేదనతో రాసిన లేఖను ఆసుపత్రి యాజమాన్యం రాజీనామాగా పరిగణించి ఆమోదించింది. అది రాజీనామా కానేకాదని సుప్రీంకోర్టు తేల్చింది. ముందు తేదీ నుంచి అమలయ్యేలా రాసిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చునన్నది మరో ముఖ్య సూత్రం. ఒక హైకోర్టు న్యాయమూర్తి 1977 ఆగస్టు 1 నుంచి వర్తించేలా మే నెలలో రాజీనామా పంపి, జూలైలో ఉపసంహరించుకోగా, 1978లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన ఈ సూత్రాన్ని ప్రకటించింది. 1987లో బలరామ్ గుప్తా కేసులో ఒక ప్రభుత్వోద్యోగికీ ఇదే రక్షణ లభించింది. అయితే ‘తక్షణం అమల్లోకి వచ్చేలా’ అని రాసి, అది వెంటనే ఆమోదం పొందితే ఈ తలుపు మూసుకుపోతుంది.

చట్టం గొడుగు కింద ఎవరు?

ఈ రక్షణలు అందరికీ లేవు. కార్మిక చట్టం కార్మికుడినే రక్షిస్తుంది. నిర్వహణాధికారి హోదాలో ఉన్నవారు దాని పరిధిలోకి రారు. నెలకు 18 వేల రూపాయలకు మించి జీతం పొందే పర్యవేక్షక సిబ్బందిని కొత్త కోడ్ మినహాయించింది. పని గుమాస్తాది, హోదా పేరు మాత్రం ‘మేనేజర్’ అయిన ఉద్యోగులు నేడు వేల సంఖ్యలో ఉన్నారు. హోదా పేరును గాక, వాస్తవంగా చేసే పని స్వభావాన్నే చూడాలని న్యాయస్థానాలు పదేపదే చెప్పిన సంగతి వీరు గుర్తుంచుకోవాలి. ఉపాధ్యాయులు కార్మికులు కారని 1988లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన 1982 విద్యా చట్టం ప్రైవేటు విద్యాసంస్థల బోధన, బోధనేతర సిబ్బందిని అభియోగం తెలిపి విచారణ జరపకుండా తొలగించరాదన్నది.

రెండు తెలుగు రాష్ట్రాలకూ వారసత్వంగా వచ్చిన 1988 దుకాణాలు, సంస్థల చట్టం మరొక ఆధారం. ఆరు నెలలు నిరంతరాయంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుక కారణం లేకుండా, కనీసం నెల నోటీసుగానీ బదులు వేతనంగానీ ఇవ్వకుండా తొలగించరాదని అందులో ఉన్నది. వస్త్ర దుకాణంలో గుమాస్తా నుంచి ప్రైవేటు కార్యాలయ ఉద్యోగి వరకు దీనిని ఆశ్రయించవచ్చు. చట్టం ఉన్నదని తెలిసినవారు తక్కువ కావడమే విచారకరం.

మహిళలకు అదనంగా రెండు రక్షణలున్నాయి. ప్రసూతి సెలవులో ఉన్న ఉద్యోగినిని ఆ కారణంగా తొలగించడాన్ని 1961 చట్టమే నిషేధించింది. 2017లో ఆ సెలవు 26 వారాలకు పెరిగింది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997 నాటి విశాఖ తీర్పు ఆధారంగా 2013లో వచ్చిన చట్టం, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో ఫిర్యాదుల సంఘం ఉండాలన్నది. సాధారణంగా ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. విచారణ జరుగుతున్న కాలంలో బాధితురాలు బదిలీనిగానీ, మూడు నెలల వరకు సెలవునుగానీ కోరవచ్చు. వేధింపు తాళలేక ముందు ఉద్యోగం వదిలి, తరువాత ఫిర్యాదు గురించి ఆలోచించేవారు ఈ మధ్యే మార్గాన్ని గమనించడం లేదు.

వదిలేస్తే పోయేదేమిటి?

నిర్ణయానికి ముందు వేసుకోవలసిన లెక్క ఒకటున్నది. గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల నిరంతర సర్వీసు కావాలి. నాలుగున్నరేళ్ల వద్ద రాజీనామా చేసిన ఉద్యోగి కొద్ది నెలల తొందరపాటుతో ఆ హక్కును ప్రమాదంలో పెట్టుకుంటాడు. నిర్ణీత కాల ఒప్పందంపై పనిచేసేవారికి మాత్రం ఏడాది సర్వీసు చాలునని సామాజిక భద్రత కోడ్ చెబుతున్నది. భవిష్యనిధి పింఛనుకు పదేళ్ల సర్వీసు అవసరం. సంస్థ మారినప్పుడు నిధిని తీసుకుని ఖర్చు చేయడం కంటే కొత్త ఖాతాకు బదిలీ చేయించుకోవడం మేలని చెప్పేది అందుకే.

ఈఎస్ఐ కింద ఉన్నవారి విషయంలో వ్యత్యాసం మరీ స్పష్టం. 2005 ఏప్రిల్ 1న ఆరంభమైన రాజీవ్ గాంధీ శ్రామిక కళ్యాణ్ యోజన నిరుద్యోగ భృతిని ఉద్దేశించింది ఉద్యోగి ప్రమేయం లేకుండా పని పోయినవారికి. కర్మాగారం మూతపడటం, సిబ్బంది తగ్గింపు వంటి కారణాలు అందుకు అర్హత. అంటే కాగితంపై ‘తగ్గింపు’ అని ఉంటే భృతి. ‘రాజీనామా’ అని ఉంటే శూన్యం. ఒకే ఉద్యోగి, ఒకే రోజు, ఒకే గేటు దాటి బయటికి వచ్చినా, కాగితంపై ఉన్న మాట అతని హక్కును నిర్ణయిస్తుంది. పరిహారం, నోటీసు వేతనం సంగతీ అంతే.

దీనికి ఎదురు పళ్లెంలో పెట్టవలసినవీ ఉన్నాయి. రెండు మూడు నెలలుగా జీతం ఇవ్వని సంస్థ నాల్గవ నెల ఇస్తుందన్న ఆశకు హేతువు తక్కువ. ప్రాణానికి ముప్పు ఉన్న యంత్రం వద్ద పనిచేయమన్నా, తప్పుడు లెక్కలపై సంతకం పెట్టమన్నా, అక్కడ నిలవడమే నష్టం. రేపు కేసు వచ్చినప్పుడు సంతకం చేసినవాడే ముద్దాయి. నిద్ర పట్టకపోవడం, రక్తపోటు పెరగడం, ఇంట్లో పిల్లలపై చిరాకు పడటం వంటివి జీతం చీటీలో కనిపించని కోతలు. వీటిని భరించి సాధించేదేమిటన్న ప్రశ్నకు సమాధానం లేకపోతే వెళ్లిపోవడం పిరికితనం కాదు. వెళ్లిపోవడం ఒక హక్కు. ఆ హక్కును ఎప్పుడు, ఏ షరతులపై వినియోగించాలన్నదే వివేకం.

ఉంటూ పోరాడటానికి కాలమే ప్రధాన మూల్యం. కార్మిక శాఖ రాజీ అధికారి నుంచి ట్రిబ్యునల్‌కు, అక్కడి నుంచి హైకోర్టుకు సాగే ప్రయాణంలో ఏళ్లు గడిచిపోవడం కొత్త కాదు. చట్టవిరుద్ధ తొలగింపు రుజువైతే బకాయి వేతనాలతో తిరిగి తీసుకోవడమే సాధారణ నియమమని 2013లో దీపాలి గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు ప్రకటించింది. ఆ తీర్పు బలమైనదే. అయితే తీర్పు వచ్చేదాకా ఇల్లు గడవాలి. ఆరు నెలల ఖర్చుకు సరిపడే నిల్వ ఉన్న కుటుంబానికీ, నెలాఖరు కోసం ఎదురుచూసే కుటుంబానికీ ఒకే సలహా ఇవ్వడం న్యాయం కాదు.

సంతకానికి ముందు

కార్మిక న్యాయస్థానాల్లో వీగిపోయిన కేసులను పరిశీలిస్తే కొన్ని జాగ్రత్తల విలువ తెలుస్తుంది. నియామక పత్రం, జీతం చీటీలు, బదిలీ ఉత్తర్వులు, పనితీరు ప్రశంసలు ఇంట్లో భద్రంగా ఉండాలి. ఖాతా మూసివేసిన మరుక్షణం కార్యాలయ కంప్యూటర్‌లోని ఏ కాగితమూ చేతికి రాదు. నోటిమాటగా జరిగిన బెదిరింపును అదే రోజు తేదీతో సహా యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేస్తే అది రేపటి సాక్ష్యం. గదిలోకి పిలిచి సంతకం అడిగినప్పుడు ‘చదివి రేపు చెబుతాను’ అనడం ఏ చట్టం కిందా నేరం కాదు. ఒత్తిడికి లొంగి సంతకం చేసి ఉంటే, మరునాడే అది బలవంతంగా పొందినదని రిజిస్టర్డ్ పోస్టులో రాయాలి. ఆరు నెలల మౌనం తరువాత చేసే ఆరోపణను కోర్టులు అనుమానంగా చూస్తాయి. కొత్త కోడ్ ప్రకారం వివాదం తలెత్తిన రెండేళ్ల తరువాత రాజీ అధికారి దానిని చేపట్టరాదు.

నిజంగానే వెళ్లదలచినవారు లేఖలో అసలు కారణం రాయడానికి వెనుకాడనవసరం లేదు. ‘మూడు నెలలుగా జీతం అందనందున’ అన్న ఒక్క వాక్యం రాజీనామా స్వరూపాన్నే మార్చివేస్తుంది. రాజీనామా చేసినవారికి కూడా రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ ఆదేశిస్తున్నది. గ్రాట్యుటీ చెల్లింపునకు గడువు 30 రోజులు.

బాండ్ల గురించి కూడా అపోహలు అనేకం. ఉద్యోగం వదిలిన తరువాత పోటీ సంస్థలో చేరరాదన్న షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద సాధారణంగా చెల్లదు. కనీస కాలం పనిచేయాలి, లేకపోతే నిర్ణీత మొత్తం కట్టాలి అన్న షరతు సంగతి వేరు. మూడేళ్లకు ముందే వెళ్లిన అధికారి రెండు లక్షల రూపాయలు చెల్లించాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు నిబంధనను 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. కనుక ‘బాండ్లేవీ చెల్లవు’ అన్న స్నేహితుల భరోసాపై ఆధారపడటం ప్రమాదకరం.

పొరుగు దేశాలు, గల్ఫ్ బాట

దక్షిణాసియాలో ఈ సమస్యను ఒక్కో దేశం ఒక్కో విధంగా ఎదుర్కొన్నది. శ్రీలంక 1971లోనే కఠినమైన చట్టం చేసింది. 15 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట, క్రమశిక్షణ చర్య మినహా ఇతర కారణాలతో ఉద్యోగిని తొలగించాలంటే అతని రాతపూర్వక అంగీకారంగానీ, లేబర్ కమిషనర్ అనుమతిగానీ ఉండాలి. బంగ్లాదేశ్ 2006 చట్టం రాజీనామా చేసినవారికి కూడా సర్వీసును బట్టి పరిహారం నిర్ణయించింది: ఐదేళ్లు దాటితే ఏడాదికి 14 రోజుల వేతనం, పదేళ్లు దాటితే 30 రోజులు. ఈ ఏర్పాటులో ఒక సూక్ష్మం ఉన్నది. రాజీనామా యాజమాన్యానికి పూర్తిగా ఉచితం కానప్పుడు, బలవంతంగా రాయించుకోవాలన్న ఆసక్తి కొంతైనా తగ్గుతుంది. నేపాల్ 2017 చట్టం తొలి రోజు నుంచే గ్రాట్యుటీ జమ కావాలన్నది. మన ఐదేళ్ల నిబంధనతో పోల్చి చూడదగిన విషయమిది.

ఉద్యోగం వదిలే హక్కే లేనివారి స్థితి ఎలా ఉంటుందో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. గల్ఫ్ దేశాల కఫాలా విధానంలో వలస కార్మికుడి నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. యజమాని కొట్టినా, జీతం ఇవ్వకపోయినా, చెప్పకుండా బయటికి వస్తే ‘పారిపోయాడు’ అన్న ఫిర్యాదుతో కార్మికుడే నేరస్థుడవుతాడు. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే అవకాశం కల్పించింది. సౌదీ అరేబియా 2021 మార్చి నుంచి కొన్ని సడలింపులు తెచ్చింది. అయితే ఇళ్లలో పనిచేసేవారికి సౌదీ సడలింపులు వర్తించలేదు. కువైట్ తదితర దేశాలకు ఇంటి పనికి వెళ్లిన తెలుగు మహిళల కష్టాలు తరచూ వార్తలకెక్కుతూనే ఉన్నాయి.

ఒంటరి సంతకం

దేశంలో వ్యవసాయేతర రంగాల్లో నెలజీతంపై పనిచేసేవారిలో సగానికి మించి రాతపూర్వక ఒప్పందం లేనివారేనని ప్రభుత్వ శ్రామిక సర్వేలు ఏటా చెబుతున్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలని కొత్త కోడ్‌లు ఆదేశించడం ఈ నేపథ్యంలో స్వాగతించదగినది. 300 మంది లోపు సిబ్బంది ఉన్న సంస్థలకు అనుమతి బెడద తప్పించడం వలన తొలగింపులు సులభమవుతాయన్న కార్మిక సంఘాల ఆందోళనను కూడా తోసిపుచ్చలేము. తొలగింపు సులభమైతే బలవంతపు రాజీనామాలు తగ్గుతాయన్న వాదన పారిశ్రామిక వర్గాల నుంచి వినిపిస్తున్నది. అయితే ఎక్కువమందికి కాగితమే లేని చోట, ఈ రెండు వాదనలూ పరిమితమైనవే.

బలవంతపు రాజీనామాలన్నిటిలోనూ ఒక సామాన్య లక్షణం కనిపిస్తుంది. ఉద్యోగి ఆ గదిలో ఒంటరిగా ఉంటాడు. సంఘం ఉన్న చోట సంఘ నాయకుడు, సంఘం లేని చోట ఒక సహోద్యోగి, ఒక న్యాయవాది, చివరకు ఇంట్లో విషయం తెలిసిన మనిషి ఒకరు ఉన్నా నిర్ణయానికి కొంత వ్యవధి దొరుకుతుంది. చట్టం ఇచ్చే రక్షణలో సగం ఆ వ్యవధిపైనే ఆధారపడి ఉన్నది. ఉండాలా, వెళ్లాలా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన ప్రశ్నే. అది యాజమాన్యం పెట్టిన అరగంట గడువులో కాక, ఉద్యోగి ఎంచుకున్న సమయంలో, తన లెక్కలు తాను చూసుకున్న తరువాత తేలాలి. అప్పుడే ఆ లేఖకు రాజీనామా అన్న పేరు తగుతుంది.